శుక్రవారం మొరాయించే కారు

ఇందుకూరుపేట పద్మనాభయ్య గారి నల్లకారు మళ్ళీ ఆగిపోయింది. ఆగింది ఎక్కడయ్యా అంటే, నెల్లూరు నడిబజార్లో కాదు, మెకానిక్కు షెడ్డు ముందర అసలే కాదు. ఇటు ఊరూ లేక, అటు ఊరూ లేక, రెండు పక్కలా మొలగొలుకుల వరి చేలు తప్ప మనిషి అలికిడి లేని చోట ఆగింది. ఆ కారుకు ఆగడంలో ఉన్న తెలివి నడవడంలో ఉంటే ఈపాటికి ఢిల్లీ చూసి వచ్చి ఉండేది.

డ్రైవరు మదార్ స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కాసేపు అట్లాగే కూర్చున్నాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదు. ఉన్న తిట్లన్నీ పోయినసారే వాడేశాడు, కొత్తవి ఇంకా పుట్టలేదు.

ఒక్కసారిగా ఆగిపోయినా బాధ ఉండదు. చచ్చింది అనుకుని ఎడ్లబండికి కట్టి ఈడ్చుకుపోవచ్చు. ఇది అట్లా చావదు. ముందు గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు ఒక చిన్న తడబాటు. యాక్సిలేటర్ తొక్కితే ముందుకు ఉరకాల్సింది పోయి వెనక్కి గుంజుతుంది. కాస్త వదిలితే తేరుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపల మళ్ళీ తడబాటు, రెండు దగ్గులు, ఒక కుదుపు, ఆ తర్వాత చక్రాల కింద ఇసుక నలిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

మదార్ దిగాడు. కారులో పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు ఎప్పుడో పడిపోయింది కాబట్టి, డిక్కీలో ఒక సరుగుడు పుల్ల పెట్టుకున్నాడు. వెనకపక్క ట్యాంకు మూత తిప్పి తీసి, పుల్ల లోపలికి దించి చూశాడు. సగానికి పైగా తడిసింది. పెట్రోలుకేం కరువు లేదు. మూత పెట్టేసి, ముందుకు వచ్చి బానెట్టు ఎత్తాడు. ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ గుంజి మళ్ళీ పెట్టాడు. కార్బొరేటర్ మీద రెండు దెబ్బలు వేశాడు. కారు ముక్కులో హ్యాండిలు పెట్టి ఇంజను తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఇంతసేపూ నాకేం కాలేదే అన్నట్టు గుర్రుమని శ్రుతిగా పాడుతోంది.

"నీ అమ్మ కడుపు కాల! ఇప్పుడు ఏం చేసినానని లేచినావే?" అన్నాడు మదార్. అసలు కోపం అదే. ఏం చేస్తే లేచిందో తెలిస్తే, ఏం కాబట్టి పడిందో తెలిసేది.

కారు తెల్లవాళ్ళ కాలం నాటిది. ఏదో సర్కారు కచేరీ వాళ్ళు వేలం వేస్తే పద్మనాభయ్య పాడుకున్నాడు. ఆయనకు ఇందుకూరుపేటలో మాగాణి ఉంది, అందరూ బుచ్చి అనే బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారం ఉంది, ముక్కు మీద కోపం ఉంది. కారు వచ్చిన రోజునే యుద్ధంలో మిలిటరీ లారీ తోలిన మదార్ కూడా వచ్చాడు. అప్పటి నుంచి కారు అంటే మదార్, మదార్ అంటే కారు. రోజూ పొద్దున్నే దాన్ని కడిగి తుడవందే టీ నీళ్ళు కూడా తాగడు. సముద్రపు గాలి ఊరు కదా, ఒక పూట తుడవకపోతే రెండో పూటకు ఇనుము మీద ఉప్పు పూస్తుంది.

అంత తుడిచేవాడూ ఒక్క చోట మాత్రం గుడ్డ ఆపేవాడు. పెట్రోలు మూత నడిమధ్యన ఎర్రటి బొట్టు ఉండేది. అది పద్మనాభయ్య భార్య ఆదిశేషమ్మ పెట్టింది. దసరాల్లో ఆయుధపూజ నాడు బానెట్టుకూ చక్రాలకూ పెట్టిన బొట్లు వానలకు కొట్టుకుపోయినా, ఇదొక్కటి మాత్రం శుక్రవారం శుక్రవారం కొత్తది పడుతూనే ఉంది. "బండి తినేది ఆ నోటితోనే గదా" అని ఆమె లెక్క. నుదుట పెట్టుకున్నట్టే కింద మైనం అద్ది, మీద కుంకుమ అద్దేది, రాలిపోకుండా. మదార్ ఆ బొట్టు చుట్టూ గుడ్డ తిప్పుకుపోయేవాడు గానీ మీద పడనిచ్చేవాడు కాదు. ముత్తైదువ పెట్టిన బొట్టు చెరపకూడదని తెలియడానికి హిందువుల ఇంట్లో పుట్టనక్కర్లేదు, నెల్లూరు జిల్లాలో పుడితే చాలు.

రోగం మొదలైంది కార్తీకం వానల్లో. తడికి ఏదో వైరు చెడి ఉంటుందని మదార్ అన్నీ విప్పి ఆరబెట్టాడు. వానలు పోయాయి, రోగం పోలేదు. ఇక లాభం లేదని నెల్లూరులో జయకుమార్ షెడ్డుకు తోలుకుపోయాడు. జయకుమార్ మంచి మెకానిక్కే. బానెట్టు ఎత్తకముందే చప్పుడు విని జబ్బు చెప్పగలడని పేరు. కాకపోతే ఆ పేరు ఆయనకు కూడా వినపడింది, అదొక్కటే లోపం.

ఊరంతా తిరిగి అల్లరి చేసి, బడికి పోగానే చేతులు కట్టుకునే పిల్లాడిలా కారు అక్కడ బుద్ధిగా నిలబడింది. ట్రయలు చూసే ముందు ట్యాంకు మూత తీసి తన డబ్బాలో పెట్రోలు కొంత పోసుకోవడం జయకుమార్ ఆచారం. పోశాడు, ట్రంకు రోడ్డు మీద తోలాడు, తిరిగొచ్చాడు. ఒక్క దగ్గు లేదు.

"ఏంది మదారన్నా, బండి బంగారంగా ఉండాది గదా! రోగం బండికా, నీకా?"

"నువ్వు నాతో మా ఊరి దాకా రా, చూపిస్తా."

"మీ ఊరి దాకా వస్తే ఈడ షెడ్డు ఎవరు చూస్తారు?" అని నవ్వి, ఊరికే పంపితే బాగుండదని నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మార్చాడు.

పాయింట్లతో ఇంటికి వచ్చేదాకా బాగానే వచ్చింది. మదార్ భార్య షాహిదాబీతో "కుదిరింది" అన్నాడు. మర్నాడు కుదరలేదని తేలింది. మళ్ళీ నెల్లూరు. ఈసారి కండెన్సరు. ఆ తర్వాత కాయిలు. ఆ తర్వాత కార్బొరేటర్ విప్పి ముక్కలు ముక్కలు చేసి పెట్రోల్లో నానబెట్టారు. ఇంజన్లోకి పెట్రోలు లాగే పంపులో తోలు బిళ్ళ కొత్తది వేశారు. పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరవుతుందేమోనని తడి గోనెపట్టా చుట్టారు. ఏం చేసినా షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు బాగానే ఉంటుంది, ఇందుకూరుపేట వైపు పోయే మైపాడు రోడ్డెక్కాక ఎక్కడో దగ్గుతుంది.

వేడి అనుకుందామంటే, ఈ కారు నడిమధ్యాహ్నపు ఎండలో చక్కగా పోతుంది. చల్లటి పొద్దునపూట, మంచు తెరలు చేల మీద ఉండగానే మొరాయిస్తుంది. వేడికి చెడే ఇంజన్లను చూశాడు, తడికి చెడే ఇంజన్లను చూశాడు. చల్లగా, పొడిగా, హాయిగా ఉంటే చెడే ఇంజన్ను మదార్ తన సర్వీసులో చూడలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాడు గానీ, పైకి చెప్పడానికి సిగ్గేసింది. బుధవారం, గురువారం కాస్త బాగుంటుంది. శుక్రవారం పొద్దున కారు బయటికి తీస్తే మాత్రం ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది. ఒకసారి నోరు జారి జయకుమార్‌తో అన్నాడు. షెడ్డులో ఉన్న వాళ్ళంతా పనులాపి మరీ నవ్వారు.

"ఇంజనుకు వారాలు కూడా తెలిసినాయన్నమాట! అమావాస్య, పున్నమి కూడా చూస్తదేమో అడగన్నా!"

షాహిదాబీ మాత్రం నవ్వలేదు. "శుక్రవారం నమాజుకు పోకుండా బండి తోలుకుంటా తిరగతా ఉండావు. ఇంకేం అవుతాది?" అంది. వాళ్ళకు ఎగతాళి, ఈమెకు భయం. పనికొచ్చే మాట ఒక్కరి దగ్గరా లేదు.

సంక్రాంతి దాటాక పెన్న వంతెన మీద జరిగింది అసలు ఘోరం. బుచ్చి నుంచి మదార్ ఒక్కడే వస్తున్నాడు. వంతెన సగం దాటగానే కారు తడబడింది. వెనక ధాన్యం లారీ ఉంది. పక్కకు తీయడానికి చోటు లేదు, తొక్కితే పోదు. లారీవాడు హారను కొడుతూ, కేకలు వేస్తూ ఆఖరి నిమిషంలో తిప్పుకున్నాడు. కారు మడ్‌గార్డు గీరుకుపోయింది, ముందు దీపం పగిలింది. లారీవాడు దిగి వచ్చి తిట్లు లంకించుకున్నాడు. మదార్ వంతెన గోడ పట్టుకుని నిలబడి అన్నీ పడ్డాడు.

ఆ కబురు విని ఆదిశేషమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. దీపం పగిలినందుకు కాదు. "మనిషి పోయుంటే ఆ షాహిదాబీకి ఏం చెప్పుకుంటాం?" అని భర్తను నిలదీసింది. అప్పటి నుంచి కారు బయటికి పోతే తిరిగి వచ్చేదాకా గేటు దగ్గరే తచ్చాడేది. శుక్రవారం బొట్టు కూడా అప్పటి నుంచే పెద్దదైంది.

పద్మనాభయ్యకు దిగులు వేస్తే అది కోపం రూపంలోనే బయటికి వస్తుంది. నేరుగా జయకుమార్ షెడ్డుకు పోయి నిలబడ్డాడు. "ఇన్ని సామాన్లు మార్చినావు. ఇంకా ఏందయ్యా దానికి రోగం?"

తెలియదు అనే మాట జయకుమార్ నోట రావడం కష్టం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, "ఇంజన్లో ఏం లేదయ్యా" అన్నాడు. "చూడాల్సిందంతా నేను చూసినా. ఇంక పెట్రోల్లో ఏదన్నా కలిసి ఉండాల. కిరసనాయిలు కలిసినా ఇట్టాగే దగ్గుతాది. ఎవరు కలపతారో నాకేం తెలుసు? నేనైతే ఎవర్నీ అనడం లేదు."

ఎవర్నీ అనకుండా అనాల్సినవాణ్ణి అనేశాడు. పెట్రోలు తీసి అమ్ముకుని కిరసనాయిలు పోసే డ్రైవర్లు లోకంలో లేకపోలేదు. ఆ సాయంత్రం పద్మనాభయ్య మదార్‌ను పిలిచాడు. ఆయన నేరుగా అడిగి ఉంటే మదార్ నేరుగా చెప్పి ఉండేవాడు. ఆయన అడగలేదు.

"మదారూ, రేపటి నుంచి పెట్రోలు మూత నువ్వు ముట్టబాక. నేనే తీస్తా, నేనే పోయిస్తా, నేనే బిగిస్తా."

మదార్‌కు చెంప మీద కొట్టినట్టయింది. "అట్టాగేనయ్యా" అన్నాడు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. షాహిదాబీ సంగతి రాబట్టి, "అంత మాట అన్నాక ఇంకెందుకు ఆ కొలువు? మానుకో" అంది.

"ఇప్పుడు మానుకుంటే దొంగనని ఒప్పుకున్నట్టే. దాని రోగం ఏందో తేలాల. తేలినాక నన్ను పొమ్మన్నా పోతా."

మాట అయితే గట్టిగా అన్నాడు గానీ కారు విన్నట్టు లేదు. ఆ రోజు నుంచి రోగం రెట్టింపయింది. ఇదివరకు ఆగితే ఒక బీడీ కాల్చేలోపల లేచేది. ఇప్పుడు బీడీ మీద బీడీ అయిపోయినా లేవదు. వైర్లు గుంజినా, కార్బొరేటర్‌ను కొట్టినా, హ్యాండిలు తిప్పి తిప్పి భుజాలు పడిపోయినా ఉలకదు పలకదు. ఎప్పుడో దానికి బుద్ధి పుట్టి లేచేది. పెట్రోలు చూద్దామని వెనక్కి పోయిన ప్రతిసారీ మూత దాకా చెయ్యి పోయి ఆగిపోయేది. చుట్టూ చేలు తప్ప మనిషి లేడు, తీస్తే చూసేవాడు లేడు. అయినా తీయలేదు. ముట్టనని మాట ఇచ్చాక, చూసేవాడు లేనిచోట ముడితే అదే దొంగతనం. సరుగుడు పుల్ల డిక్కీలో ఎండిపోతూ పడి ఉంది.

చివరికి పద్మనాభయ్య ఓపిక అయిపోయింది. "శుక్రవారం మీ అమ్మగారిని జొన్నవాడ కామాక్షమ్మ గుడికి తోలుకుపోవాల. దోవలో ఒక్క తూరి ఆగిందంటే అదే కడసారి. చెన్నపట్నం నుంచి పాత ఇనుము బేరగాడు వస్తా ఉండాడు, వాడికి ఇచ్చేస్తా. నువ్వు కూడా వేరే చోటు చూసుకో."

శుక్రవారం! వారంలో ఇంకో రోజే దొరకలేదు. మదార్ తలకొట్టుకున్నాడు.

పొద్దున్నే బయలుదేరారు. ఎక్కబోయే ముందు ఆదిశేషమ్మ తలారా స్నానం చేసి వచ్చి, మూత దగ్గర నిలబడి మైనం అద్ది, కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది. మదార్ కూడా తన దేవుణ్ణి తలుచుకున్నాడు. ఇద్దరు దేవుళ్ళూ ఒకే పని మీద ఉన్నారు, ఇంక భయమేముంది?

నెల్లూరు దాకా కారు నీళ్ళ మీద పడవలా పోయింది. వంతెన మీద మదార్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాడు. అదీ దాటింది. పద్మనాభయ్య ముఖంలో కూడా కాస్త కళ వచ్చింది. బుచ్చి రోడ్డెక్కారు. అప్పుడు వచ్చింది ఆ తడబాటు. మదార్‌కు అది ముందు పాదానికే తెలిసింది. రెండు దగ్గులు, ఒక కుదుపు. రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కారు ఆగింది.

పద్మనాభయ్య తలుపు తోసుకుని దిగాడు. వెనక్కి పోయి, "ఇప్పుడే తేలుస్తా దీని సంగతి" అంటూ మూత తిప్పి లాగాడు. బిగుసుకుపోయిన మూత ఉస్సుమని ఊడింది. చేతిగుడ్డను ట్యాంకులో ముంచి, అరచేతిలో పిండుకుని వాసన చూశాడు. కిరసనాయిలు కలిస్తే చెయ్యి జిడ్డుగా ఉంటుంది, వాసన పోదు. ఆయన అరచెయ్యి చల్లబడి, చూస్తుండగానే పొడిగా ఆరిపోయింది. మంచి పెట్రోలు.

మదార్ ఆయన ముఖంలోకి చూశాడు. ఒక్క మాట, నిన్ను తప్పుగా అనుకున్నాననే ఒక్క మాట వస్తుందేమోనని చూశాడు.

"నేను పోయించింది గాబట్టి బాగుండాది" అన్నాడు పద్మనాభయ్య, మూత బిగిస్తూ.

మదార్‌కు ఒళ్ళంతా మండిపోయింది. ఇనుము బేరగాడు వస్తే ముందు నన్నే తూకం వేయమనాలి అనుకుంటూ హ్యాండిలు పెట్టి కసిగా తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. ఎన్నో వారాలుగా ఒక్క తిప్పుకు లేవనిది ఇప్పుడు లేచింది. మదార్ హ్యాండిలు చేత్తో పట్టుకుని అట్లాగే వంగి ఉండిపోయాడు.

మళ్ళీ బయలుదేరారు. తోలుతున్నాడే గానీ అతని చెవిలో ఆ చప్పుడే ఉంది. ఉస్సు. అది అతను ఇదివరకు విననిదేం కాదు. పాత మూత, బిగుసుకున్నది, తీస్తే ఏదో చప్పుడు రాదా అనుకునేవాడు. ఇదివరకు ఆగినప్పుడల్లా తను చేసే మొట్టమొదటి పని ఏమిటి? మూత తీసి పుల్ల దించడం. ఆ తర్వాతే వైర్లు, ఆ తర్వాతే కార్బొరేటర్. లేచినప్పుడల్లా వైర్ల వల్ల లేచిందనుకున్నాడు. జయకుమార్ చేసే మొదటి పని ఏమిటి? మూత తీసి పెట్రోలు పోయడం. మూత ముట్టబాకన్న రోజు నుంచే కదా ఇది లేవడం మానేసింది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన బతుకు.

జొన్నవాడ మలుపు ఇంకా రాకముందే కారు మళ్ళీ దగ్గి ఆగింది.

"అయిపోయింది" అన్నాడు పద్మనాభయ్య. "దిగు. ఇంక దాన్ని ముట్టబాక. ఎడ్లబండి మాట్లాడుకుని పోతాం."

మదార్ దిగాడు. కానీ అతని గొంతు మారిపోయింది. "అయ్యా, ఒక్క తూరి ఆ మూత తీయండి."

"వాసన చూసింది చాల్లే."

"వాసన కాదయ్యా. నేను ముట్టను. మీరే తీయండి."

ఆ గొంతుకు పద్మనాభయ్య ఏమనుకున్నాడో ఏమో, పోయి తీశాడు. ఉస్సు. మదార్ పరుగున ముందుకు పోయి హ్యాండిలు తిప్పాడు. ఒక్క తిప్పు. ఇంజను లేచింది. వెనక్కి వచ్చి చెయ్యి చాపాడు. "ఇప్పుడు ఆ మూత నా చేతికియ్యండయ్యా."

పద్మనాభయ్య తటపటాయించి ఇచ్చాడు. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోట్లోకి గాలి పోవాలి. దానికోసమే మూత మధ్యన సన్నటి బెజ్జం ఉంటుంది. మదార్ మూతను బోర్లించి లోపలి పక్క నుంచి నోటితో ఊదాడు. ఊపిరి పోలేదు, బుగ్గలు ఉబ్బాయి. వెలుతురుకు ఎత్తి చూశాడు. బెజ్జం ఉంది, దాన్లో నుంచి ఆకాశం కనపడలేదు. గోటితో గీరాడు. గోట్లోకి ఎర్రటి మైనం వచ్చింది.

అంతా ఒక్కసారి కళ్ళ ముందు కట్టింది. శుక్రవారం కొత్త మైనం. చల్లటి పొద్దుటిపూట గట్టిగా బిగుసుకుంటుంది, మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి కాస్త దారి ఇస్తుంది. వారం తిరిగేసరికి అరిగి కారు తేరుకుంటుంది, మళ్ళీ శుక్రవారం వస్తుంది. కారు ఎంత ఆగితే బొట్టు అంత పెద్దది, బొట్టు ఎంత పెద్దదైతే కారు అంత ఆగుతుంది. ఇంజనుకు వారాలు తెలుసు! షెడ్డులో నవ్విన వాళ్ళందర్నీ పిలిచి చూపించాలనిపించింది.

దాని వెనకే కోపం పొంగింది. ఆ పాయింట్లు, ఆ కాయిలు, ఆ లారీవాడి తిట్లు, రోడ్డు మధ్యన పోవలసిన ప్రాణం, దొంగ అనే పేరు. అన్నింటికీ ఇదా కారణం! "అంతా మీవల్లేనమ్మా" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. తల ఎత్తాడు.

ఆదిశేషమ్మ ఎప్పుడు దిగిందో, పక్కనే నిలబడి ఉంది, కొబ్బరికాయల పళ్ళెం పట్టుకుని. ఆమె చూస్తున్నది బెజ్జాన్ని కాదు, బొట్టును.

"చెదిరిపోయిందా నాయనా?" అంది కంగారుగా. "రాలకూడదని మైనం మందంగానే దట్టించినానే. ఆ వంతెన కాడ నీకు అట్టా అయిన కాడి నుంచి..." ఆమె పళ్ళెం దగ్గరికి అదుముకుంది. "నీ నుదుటన పెట్టాలనే ఉంటాది నాకు. మీకు పెట్టగూడదు గదా. అందుకని నీ బండికి పెడతా ఉండా."

మదార్ నాలుక చివరి మాట వెనక్కి పోయింది. ఈమె తన కోసం కట్టిన రక్షే ఆ వంతెన మీద తనను చావు దాకా తోసిందని ఇప్పుడు ఎట్లా చెప్పడం? చెబితే తన పేరు నిలబడుతుంది, నిజమే. ఆ తర్వాత ఈ తల్లి ఇంకెవరికన్నా బొట్టు పెట్టగలదా?

"ఏందిరా అది? చెప్పవేం?" అన్నాడు పద్మనాభయ్య.

"అమ్మా, ఒక పిన్నీసు ఇయ్యండి" అన్నాడు మదార్.

ఆమె గాజులకు వేలాడుతున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. మదార్ వాళ్ళకు వీపు పెట్టి, మూతను లోపలి పక్క నుంచి పట్టుకుని, బెజ్జంలోకి పిన్నీసు నెమ్మదిగా పొడిచాడు. పైనున్న కుంకుమ చెదరలేదు. బొట్టు మధ్యన ఆవగింజంత చుక్క పడింది, అంతే. ఊది చూశాడు. ఊపిరి పోయింది.

"ఉప్పుగాలికి తుప్పు పట్టి మూతలో గాలి బెజ్జం పూడిపోయిందయ్యా. కొబ్బరికాయకు ఒక్క కన్నే పొడిస్తే నీళ్ళు ఎట్టా వస్తాయి? రెండు గుటకలు వచ్చి నిలిచిపోతాయి. ఇదీ అంతే. పెట్రోలు ఉంటాది గానీ ఇంజనుకు రాదు. తుడిచేవాణ్ణి నేను, చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే."

"తుప్పా?" అన్నాడు పద్మనాభయ్య. ఆయన చూపు మదార్ చేతిలోని పిన్నీసు మీద పడింది. దాని మొనకు తుప్పు లేదు. ఎర్రటి మైనం తునక అంటుకుని ఉంది. ఆయన చూపు పిన్నీసు నుంచి మదార్ గోటికి పోయింది, అక్కడి నుంచి భార్య పళ్ళెంలోని కుంకుమ భరిణెకు పోయింది. ధాన్యం గింజ కొరికి పదును చెప్పే మనిషికి ఇంత మాత్రం తెలియకుండా ఉండదు.

మదార్ మూతను ఆయనకు అందించబోయాడు.

"నాకెందుకు? నువ్వే బిగించు" అన్నాడు పద్మనాభయ్య. గొంతు సవరించుకుని, "ఇకనుంచి నువ్వే చూసుకో" అని, తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. ఇంతకాలం ఎదురుచూసిన మాట అది కాదు గానీ, ఆయన దగ్గర ఉన్నది అదే.

గుడి దాకా కారు ఒక్క దగ్గు దగ్గలేదు. దర్శనం చేసుకుని వాళ్ళు తిరిగి వచ్చేసరికి మదార్ చెట్టు నీడన కారు తుడుస్తున్నాడు. ఆదిశేషమ్మ అమ్మవారి కుంకుమ చేతిలో పట్టుకుని నేరుగా కారు వెనక్కి నడిచింది. భరిణె తీసి మైనం వేలికి రాసుకుంది. మదార్ గుడ్డ పారేసి ఎదురు వెళ్ళాడు.

"అమ్మా, అక్కడ వద్దమ్మా. ఇక్కడ పెట్టండి" అని ముందు తలుపు తీసి, స్టీరింగు వెనక, తన సీటుకు ఎదురుగా ఉన్న రేకు చూపించాడు.

"అదేంది నాయనా? నోటికాడ వద్దా?"

"నాకని పెడతా ఉండారు గదమ్మా. నాకు కనపడే చోట ఉండనీయండి."

ఆమె ఆగింది. "మీ వాళ్ళు ఏమన్నా అంటారేమో?"

"పెట్టేది బండికి గదమ్మా. నన్నెవరంటారు?"

వెనక సీట్లోంచి పద్మనాభయ్య కసిరాడు. "వాడు చెప్పిన కాడ పెట్టవే! మైనం ఎంత కావాలంటే అంత దట్టించుకో, అక్కడైతే ఏం గాదు."

ఆమెకు ఆ మాటలో తేడా తెలియలేదు. వంగి, ఆ రేకు మీద మైనం అద్ది, అమ్మవారి కుంకుమ గుండ్రంగా తీర్చి, బిడ్డ నుదుట సరిచేసినట్టు చిటికెన వేలితో అంచులు సరిచేసింది. మదార్ కిందపడ్డ గుడ్డ తీసుకుని, ఇందాకే తుడిచిన అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ముఖం ఇటు తిప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది.